పళ్ళెంలో ఏడు చేపలు: పిల్లల పార్టీకి కథల చిరుతిళ్ళు

పుట్టినరోజు పార్టీకి పిల్లలకి ఇష్టమైన పుస్తకాన్ని థీమ్‌గా పెట్టుకోవడం ఇప్పుడు మనవాళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ మామూలైంది. కాకపోతే చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, బొమ్మ ప్రింట్ చేసిన కాగితం జెండా ఒకటి సమోసాకి గుచ్చి దానికి హ్యారీ పాటర్ సమోసా అని పేరు పెట్టేస్తారు. జెండా పీకేస్తే అది ఉత్త సమోసా. నా లెక్క వేరు. ఆ తినుబండారం చేత్తో పట్టుకున్న పిల్లాడు కథలో ఒక ముక్క చెప్పగలగాలి. చెప్పలేకపోతే మనం పడ్డ శ్రమంతా అలంకారం కిందే పోయింది.

నేనుండేది సింగపూర్‌లో, తంజోంగ్ పగార్‌లో. కొన్నేళ్ళుగా మా పిల్లల పార్టీలకీ, వాళ్ళ స్నేహితుల పార్టీలకీ ఇలాంటి స్టార్టర్లు చేస్తున్నాను. "ఎలా చేశావు, కొలతలు పంపించు" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కనక అన్నీ ఒకచోట రాస్తున్నాను. పదీ పన్నెండు మంది పిల్లలకి సరిపోయే లెక్కలివి.

ముందు ఒక మాట. ఇక్కడి బడుల్లో మాతృభాష కింద చైనీస్, మలయ్, తమిళం ఉన్నాయి. మన దేశపు భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. మా అమ్మాయి హిందీ తీసుకుంది. అంటే తెలుగు అక్షరాలు తనకి బడి నేర్పదు, ఇంట్లో మేం నేర్పిందే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళ పరిస్థితీ దాదాపు ఇదే. ఇంగ్లీషు పుస్తకాలు లైబ్రరీ నుంచి వాటంతట అవే ఇంటికొస్తాయి. తెలుగు కథని మనం చెయ్యిపట్టుకుని తీసుకురావాలి. దానికి పార్టీ పళ్ళెం కంటే తేలిక దారి నాకు కనపడలేదు. పిల్లలు ఆకలి మీద ఉంటారు, స్నేహితులు పక్కనే ఉంటారు, పైగా ఇది పాఠం అన్న అనుమానం ఎవరికీ రాదు.

పుస్తకాన్ని తినే వస్తువుగా మార్చడం మనం కనిపెట్టిన ఆటేమీ కాదు. జూడిత్ హాఫ్‌బెర్గ్, బియాట్రిస్ కొరోన్ అనే ఇద్దరు కలిసి 2000లో అంతర్జాతీయ తినే పుస్తకాల పండగ ఒకటి మొదలుపెట్టారు. ఏటా ఏప్రిల్ 1న, లేదా ఆ చుట్టుపక్కల రోజుల్లో, చాలా దేశాల లైబ్రరీల్లో జరుగుతుంది. ఏప్రిల్ 1 ఎందుకంటే, భోజనం గురించి గొప్ప పుస్తకం రాసిన ఫ్రెంచి పెద్దమనిషి బ్రియా సావరాఁ పుట్టినరోజు అది, 1755లో. పండగకి నియమాలు రెండే. తెచ్చిన వస్తువు తినదగ్గదై ఉండాలి, ఏదో ఒకరకంగా పుస్తకానికి సంబంధించినదై ఉండాలి. చూడ్డం అయ్యాక అందరూ కలిసి తినేస్తారు. ఆ మర్నాడు, ఏప్రిల్ 2, ఆండర్సన్ పుట్టినరోజు, అంతర్జాతీయ బాలల పుస్తక దినం. మనకైతే ఆగస్టు 29, గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం ఉండనే ఉంది. పిల్లల పుట్టినరోజు పరీక్షల మధ్యలో పడిందనుకోండి, పార్టీని వీటిలో ఏదో ఒక రోజుకి జరపవచ్చు.

ఇక అసలు పళ్ళెం. నేను చేసినవాటిలో ఎప్పుడూ గురి తప్పనిది ఏడు చేపల కథ. తెలుగిళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది తెలియకుండా ఉండదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెస్తారు, ఎండబెడతారు, ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని చేపని అడిగితే గడ్డిమేటు మీదికి, గడ్డిమేటు ఆవు మీదికి, ఆవు గొల్లవాడి మీదికి, గొల్లవాడు అవ్వ మీదికి, అవ్వ ఏడ్చిన పిల్లాడి మీదికి, పిల్లాడు కుట్టిన చీమ మీదికి నెపం తోసేస్తూ పోతారు. చివర చీమ మాత్రం ఎవరి మీదికీ తొయ్యదు. తన పుట్టలో వేలు పెడితే కుట్టక ఏం చేస్తానని ఎదురు అడుగుతుంది. ఒకదాని వెనక ఒకటి వచ్చే కథ కాబట్టి పళ్ళెంలో వరసగా పేర్చుకోవడానికి ఇంతకంటే అనువైనది లేదు.

చేపలతో మొదలుపెట్టండి. రెండు కప్పుల గోధుమపిండి, రెండు చెంచాల బొంబాయిరవ్వ, ఒక చిన్న చెంచా వాము, తగినంత ఉప్పు కలిపి, మూడు చెంచాల వేడి నూనె పోసి, నీళ్ళు చిలకరించుకుంటూ గట్టిగా ముద్ద చెయ్యండి. అరగంట నాననిచ్చి పల్చగా వత్తి, చేప ఆకారం బిస్కెట్ కట్టర్‌తో కోసి, పొంగకుండా ఫోర్కుతో పొడిచి, మధ్యరకం సెగ మీద ఎర్రగా వేయించాలి. సెగ ఎక్కువైతే పైన రంగు వస్తుంది, లోపల మెత్తగా ఉండిపోతుంది. రెండంగుళాల కట్టర్‌తో డెబ్బైకి పైగా వస్తాయి. ఒక్కొక్కరికి ఆరు. ఏడోది ఎండని చేప, కాబట్టి అది మెత్తగా ఉండాలి. అదే కట్టర్‌తో పనీర్ ముక్కని కోసి, పెనం మీద కొంచెం నూనెతో రెండు వైపులా కాల్చి, ఉప్పూ పసుపూ అద్దండి. మాంసాహారులైతే ఇక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరికే ఫిష్ కేక్ ముక్క పెట్టుకోవచ్చు. పిల్లలు ఆరు కరకరా నమిలి, ఏడోది మెత్తగా తగలగానే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. అక్కడి నుంచి కథ దానంతట అదే నడుస్తుంది.

గడ్డిమేటుకి సన్న కారప్పూస కుప్ప చాలు, కొనేదే పెట్టండి. ఆవుకి బదులు చిన్న గిన్నెలో గట్టి పెరుగు, అందులో తురిమి పిండేసిన కీరా, కొంచెం వేయించిన జీలకర్ర పొడి. చేపలు నంచుకోవడానికి అదే పనికొస్తుంది. గొల్లవాడి కర్రకి పొడుగ్గా వత్తిన జంతిక పుల్ల. అవ్వ పెట్టని బువ్వకి నిమ్మకాయంత పులిహోర ముద్ద. ఏడ్చే పిల్లాడికి ఉల్లిపాయ పకోడీ. ఎందుకో అడగండి, ఉల్లిపాయ తరిగేవాళ్ళని చూసిన పిల్లలు వెంటనే చెప్పేస్తారు.

చీమ దగ్గర కాస్త శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే కథంతా అక్కడికే వస్తుంది. ఒక కప్పు రవ్వకి రెండు కప్పుల నీళ్ళు, చిటికెడు ఎక్కువ పసుపు వేసి గట్టి ఉప్మా చెయ్యండి. నూనె రాసిన చిన్న గిన్నెల్లోకి వేడిగా ఉండగానే నొక్కి, పది నిమిషాలాగి బోర్లిస్తే డజను బంగారు పుట్టలు వస్తాయి. నెత్తిమీద వేలు దూరేంత గుంట చేసి, దాని అడుగున అర చెంచా చింతపండు, బెల్లం చట్నీ వెయ్యండి. పైన నల్ల నువ్వులు చల్లితే అవే చీమలు. పిల్లలు పుట్టలో వేలుపెట్టి నాకగానే పులుపు చురుక్కుమంటుంది. అక్కడ కారం చట్నీ మాత్రం వద్దు, అదే వేలు కంట్లో పెట్టుకుంటారు.

వడ్డించే పద్ధతి కూడా వంటలో భాగమే. అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టకండి. చేపలు ఇచ్చి ఆగండి. "ఎందుకు ఎండలేదు?" అని పిల్లలు అడిగితేనే గడ్డిమేటు రావాలి. మళ్ళీ అడిగితే ఆవు. పెద్దవాళ్ళెవరైనా ఊరినుంచి వచ్చి ఉంటే కథ వాళ్ళ చేత చెప్పించండి. మా ఇంటికొచ్చే పిల్లల్లో సగం మందికి తెలుగు రాదు. చైనీస్ పిల్లలు, మలయ్ పిల్లలు, పంజాబీ పిల్లలు. అయినా మూడో పదార్థం వచ్చేసరికి అందరికీ "ఎందుకు" అన్న మాట వచ్చేసింది, బల్ల గుద్దుతూ అడుగుతున్నారు. మా అమ్మాయి ఆ పూట వాళ్ళకి అర్థం చెప్పే పనిలో పడింది. ఇంట్లో తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, తెలుగు వచ్చినందుకు స్నేహితుల ముందు గొప్పగా నిలబడటం నేను చూసింది అప్పుడే.

చేపలంటే మేముండే చోటుకీ ఒక చేపల కథ ఉంది. మలయ్ భాషలో తంజోంగ్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన భూమి, పగార్ అంటే కంచె. మలయ్ రాజుల చరిత్ర చెప్పే సెజారా మెలయు అనే పాత గ్రంథంలో సింగపూర్ తీరం మీద కత్తిచేపల దాడి కథ వస్తుంది. నీళ్ళలోంచి ఎగిరివచ్చి జనాన్ని పొడిచి చంపుతుంటే, ఒక కుర్రాడు తీరం పొడుగునా అరటిబోదెలతో గోడ కట్టమని సలహా ఇస్తాడు. చేపల ముక్కులు బోదెల్లో దిగబడి ఇరుక్కుపోతాయి. ఇంత తెలివైనవాడు పెద్దయితే తనకి ముప్పని రాజు ఆ కుర్రాణ్ణే చంపిస్తాడు. తంజోంగ్ పగార్ పేరు ఆ కంచె వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. కుర్రాడి నెత్తుటితో ఎరుపెక్కిన కొండే ఇక్కడికి దగ్గర్లో ఉన్న రెడ్‌హిల్ అని కూడా అంటారు.

అరటి, చేప రెండూ కథలోనే ఉన్నాక మనం వెతుక్కోవాల్సింది ఏముంది? పచ్చి అరటికాయల్ని నిలువుగా పల్చటి పలకలుగా కోసి బజ్జీలు వెయ్యండి. కప్పు సెనగపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే బజ్జీ నిలబడేంత గట్టిగా ఉంటుంది. పళ్ళెంలో ఉడికించి మెదిపిన బంగాళాదుంప ముద్దని పొడుగ్గా పరిచి, బజ్జీల్ని అందులో కంచెలా నిలబెట్టండి. పనీర్ చేపలకి సన్నటి క్యారెట్ ముక్క ముక్కుగా గుచ్చి, ఆ ముక్కుని బజ్జీలోకి దిగెయ్యండి. ఏడు చేపల తర్వాత ఈ పళ్ళెం పెడితే, మన కథ విన్న పక్కింటి పిల్లలు తమ కథ చెప్పడం మొదలుపెడతారు. కుర్రాడి చావు సంగతి ఎంతవరకు చెప్పాలన్నది పిల్లల వయసుని బట్టి మీరే చూసుకోండి. ఆరేళ్ళ లోపు వాళ్ళకి నేను కంచె దగ్గరే ఆపేస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చందమామకి అర్ధచంద్రాకారం కావాలి. సింగపూర్‌లో అది రెడీగా ఉంది, కర్రీ పఫ్ అంటారు, చూస్తే మన కజ్జికాయే. ఇంట్లో చెయ్యాలంటే ఫ్రోజెన్ పరాటాల్ని కొంచెం మెత్తబడ్డాక గ్లాసుతో గుండ్రంగా కోసి, బంగాళాదుంప కూర పెట్టి, మడిచి, అంచులు ఫోర్కుతో నొక్కి ఎయిర్ ఫ్రయ్యర్‌లో 180 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు ఉంచితే చాలు. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జులైలో మొదలుపెట్టిన ఆ పత్రిక పాత సంచిక ఏదైనా మీ ఇంట్లో ఉంటే పళ్ళెం పక్కన తెరిచి పెట్టండి. నూనె చేతులు తగలకుండా ప్లాస్టిక్ కవర్ వేసి మరీ.

తెనాలి రామకృష్ణుడికి వంకాయ బజ్జీ. రాయలవారి తోటలో వంకాయలు దొంగిలించి కూర వండించి, నిద్రలో ఉన్న కొడుకు మీద నీళ్ళు చల్లి, వాన కురిసిందని నమ్మించిన కథ అది. బజ్జీ ఇచ్చేముందు ఒక్కొక్కళ్ళ మీద నాలుగు చుక్కలు చిలకరిస్తాను. మామూలు రోజుల్లో వంకాయ పక్కకి నెట్టేసే పిల్లలు దొంగ వంకాయ అనేసరికి రెండోసారి అడుగుతారు.

బారిష్టర్ పార్వతీశానికి పొయ్యి వెలిగించే పనే లేదు. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకి బయల్దేరి, దొరలా కనపడాలని తెలియక ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న మహానుభావుడాయన. గుండ్రటి కీరా ముక్క మీద బటన్ ఇడ్లీ పెడితే టోపీ. చుట్టూ ఎర్ర కాప్సికం సన్న పట్టీ రిబ్బను. ఒక కొత్తిమీర రెమ్మ గుచ్చితే అది ఆడవాళ్ళ టోపీ. పరాయి దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా పార్టీలో ఉంటే ఈ టోపీని చూసి అందరికంటే ఎక్కువ నవ్వేది వాళ్ళే.

ముళ్ళపూడివారి బుడుగుకి పెసర పునుగులు. సీగానపెసూనాంబ పేరులోనే పెసరు వినిపిస్తోంది కదా, అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కప్పు పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్ళు పొయ్యకుండా అల్లం, పచ్చిమిర్చి వేసి గట్టిగా రుబ్బితే పాతిక దాకా చిన్న పునుగులు వస్తాయి. బుడుగుని పిల్లలంతట వాళ్ళు చదవలేరు. పెద్దవాళ్ళు గొంతు మార్చి చదివి వినిపించాలి. బాపు బొమ్మలు మాత్రం ఎవరి సాయమూ లేకుండానే అర్థమవుతాయి.

ఇంగ్లీషు పుస్తకాలు వద్దని నేననను. ఎరిక్ కార్ల్ 1969లో వేసిన ఆకలి గొంగళిపురుగు పుస్తకం మూడేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. పాలకూర ముద్ద కలిపిన పిండితో బటన్ ఇడ్లీలు వేసి వంకర వరసలో పేర్చి, ముందు ఒక ఎర్ర టమాటా ముక్క తలగా పెడితే పురుగు తయారు. సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపళ్ళు అంటూ అది తిన్న వరసలో పళ్ళు పెట్టి, వారాల పేర్లు తెలుగులో చెప్పిస్తే సరి. హ్యారీ పాటర్ అడిగే పెద్ద పిల్లలకి మైసూర్ బోండాకి రెండు వైపులా చిప్స్ గుచ్చి ఎగిరే బంతి చేసి ఇస్తాను. అంతకంటే శ్రమ వాళ్ళకి అక్కర్లేదు.

సరుకుల సంగతి. పచ్చి అరటికాయలు, బటన్ ఇడ్లీ ప్లేట్లు, సన్న కారప్పూస లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్, ముస్తఫా చుట్టుపక్కల దొరుకుతాయి. తంజోంగ్ పగార్ నుంచి ఔట్రమ్ పార్క్‌లో రైలు మారితే అక్కడికి నాలుగు స్టేషన్లే. కళ్ళు, మీసాలు, చీమల కాళ్ళలాంటివి కత్తిరించుకోవడానికి కొరియన్ దుకాణాల్లో అమ్మే ఎండు సముద్రనాచు పట్టీ బాగా పనికొస్తుంది. మా వీధి నిండా కొరియన్ హోటళ్ళే కాబట్టి నాకు అలవాటైంది. అది తినని ఇళ్ళలో నల్ల నువ్వులు, ఎండుద్రాక్ష చాలు. కురిడీ కట్టర్లకి తిరగక్కర్లేదు, చేప కట్టర్ బేకింగ్ సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా ఉంటుంది.

ఇక్కడి గాలిలో తేమ వల్ల వేయించినవి గంటలో మెత్తబడతాయి. చేపలు ముందురోజే వేయించి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టి, వడ్డించే ముందే తియ్యండి. బజ్జీలు, పునుగులు మూడొంతులు వేయించి ఉంచుకుని, పిల్లలు వచ్చాక రెండోసారి నూనెలో వేస్తే కరకరలాడతాయి. బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో పార్టీ పెట్టుకుంటే టౌన్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి, వంటంతా ఇంట్లోనే కానిచ్చి కిందికి దించుకోవాలి. వండిన పదార్థం రెండు గంటలకి మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెరుగూ, పనీరూ ఉన్న పళ్ళెంతో ఈ వేడిలో ఆ మాట జవదాటకండి.

పిల్లల తల్లిదండ్రుల్ని ముందే అడగాల్సినవి మూడున్నాయి. వేరుసెనగ, జీడిపప్పు, నువ్వులు ఎవరికైనా పడవా? హలాల్ మాత్రమే తినేవాళ్ళెవరు? గుడ్డు తినని ఇళ్ళేవి? నేను పార్టీ పళ్ళేలు మొత్తం శాకాహారంతోనే చేసి, పదార్థం పేరూ అందులో వేసినవీ ఒక చీటీ మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెడతాను. తెలుగు చీటీ మా అమ్మాయి రాస్తుంది, తప్పులుంటే ఉండనీ అని దిద్దను. నాలుగేళ్ళ లోపు వాళ్ళుంటే టూత్‌పిక్‌లు వద్దు, వాటి బదులు జంతిక పుల్లలు వాడండి. ద్రాక్షపళ్ళు, చిన్న టమాటాలు నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యాలి.

పిల్లల్ని దింపడానికొచ్చి ఉండిపోయే పెద్దవాళ్ళకి వేరే ఆట. నవల పేరుతో పదార్థం పేరు కట్టాలి. వేయిపడగలు వేయివడలవుతుంది. అసమర్థుని జీవయాత్ర పక్కన జీడిపప్పు గిన్నె పెట్టి అసమర్థుని జీడిపాత్ర అని రాశారొకరు. కొత్తిమీర కట్టలు కట్టలుగా వేసిన పకోడీకి అతడు అడవిని జయించాడు అని పేరొచ్చింది. రెండు గంటలు దాటిన గారెల్ని తీసేస్తుంటే కాలాతీత వ్యక్తులు అన్నారు. ఖాళీ పళ్ళెంలో నాలుగు కారప్పూస నలుసుల పక్కన చివరకు మిగిలేది అన్న చీటీ పెట్టినాయనకి ఆ రోజు బహుమతి ఇచ్చాం, అక్షరం కూడా మార్చలేదు కనక.

వేయించిన చేపలు మిగిలితే డబ్బాలో వారం రోజులు ఉంటాయి. బడి టిఫిన్‌లో పెట్టేటప్పుడు నేను ఆరే పెడతాను. ఏడోది ఏమైందని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారట.